ఆపతి వాసన పట్టేవాళ్ల కంటే ముందు మనం చేరాలి

(అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఆదివాసీ యువతతో మాట్లాడిన మాటలు. చదువుకునేందుకు వీలుగా కొద్దిగా సరిచేసి పెడుతున్నాం.)



మీలో చాలామంది అంబర్‌పేటలోనో, నారాయణగూడ సందుల్లోనో నలుగురైదుగురు కలిసి ఒక గది తీసుకుని ఉంటున్నరు. చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ దొరకాలని పొద్దున్నే బయల్దేరుతరు. దారిలో కరెంటు స్తంభాల మీద ఏం అంటించి ఉంటదో మీకు చెప్పాల్సిన పని లేదు. గ్రూప్స్ కోచింగ్, లేడీస్ హాస్టల్, టైపింగ్, జిరాక్స్. వాటి మధ్యలో ఇంకో రకం కాయితం కూడా కనబడుతది. ఇల్లు గానీ ప్లాటు గానీ అర్జెంటుగా అమ్మాలా, కాయితాల్లో లొల్లి ఉన్నా ఫరవాలేదు, వెంటనే నగదు ఇస్తం, ఫోన్ చేయండి. మనకు ఇక్కడ అమ్ముకునే ఇల్లు లేదు కాబట్టి చూసి ముందుకు పోతం.

ఇయ్యాల ఆ కాయితం గురించే మాట్లాడుత. ఎందుకంటే అదే వ్యాపారం మన గూడేలకు కూడా వస్తది. కాకపోతే అక్కడికి కాయితం అంటించుకుంటూ రాదు, చెప్పులు విప్పి ఇంట్లకే వస్తది.

ముందు ఈ వ్యాపారం ఎట్ల నడుస్తదో చూద్దాం. మామూలుగా మార్కెటింగ్ అంటే సరుకున్నవాడు కొనేవాళ్ల కోసం వెతకడం. ఇది దానికి తిరగేసింది. ఇక్కడ కొనేవాడే అమ్మేవాణ్ణి వెతుకుతడు. అది కూడా ఎవరంటే వాళ్లను కాదు, ఆగలేనివాణ్ణి. నిదానంగా అమ్ముకునే మనిషి నలుగురిని అడుగుతడు, రేటు తెలుసుకుంటడు, పంట చేతికొచ్చిన్నాడు అమ్ముతడు. ఆపతిలో ఉన్న మనిషికి అంత టైం లేదు. రేపు ఆస్పత్రిలో కట్టాలె, ఎల్లుండి బ్యాంకోళ్లు వస్తరు. రెండు రూపాయల భూమి రూపాయికి దొరికేది అక్కడే. కాబట్టి ఈ వ్యాపారంలో అసలు సరుకు భూమి కాదు. ఎవరింట్ల ఆపతి ఉందన్న వార్త, అదే సరుకు.

అమెరికాలో దీన్ని చదువులాగే నేర్పుతరు. క్లాసులున్నయ్, పుస్తకాలున్నయ్. మొట్టమొదటి పాఠం లిస్టు తయారు చేసుకోవడం. ఇంటి పన్ను బాకీ పడ్డవాళ్లు, లోను కట్టలేక బ్యాంకు నోటీసు అందుకున్నవాళ్లు, విడాకులకు కోర్టుకెక్కిన జంటలు, యజమాని చనిపోయి వారసులు వేరే ఊళ్లలో ఉన్న ఇళ్లు. వీటిలో చాలా భాగం అక్కడి ప్రభుత్వ రికార్డుల్లోనే దొరుకుతయ్. రెండో పాఠం, కారులో వీధి వీధి తిరిగి గడ్డి పెరిగిన వాకిళ్లు, పగిలిన కిటికీలు రాసుకోవడం. మూడోది, ఆ ఇళ్లకు ఉత్తరాలు వేయడం. చేత్తో రాసినట్టు కనబడాలని పసుపుపచ్చ కాయితం మీద అచ్చు వేయిస్తరు. నాలుగోది, ఇళ్లు కొంటామని రోడ్డు మలుపుల్లో బోర్డులు పాతడం. ఐదోది అన్నిటికన్నా ముఖ్యం. చాలామంది ఆ ఇల్లు సొంతంగా కొననే కొనరు. తక్కువ రేటుకు అగ్రిమెంటు రాయించుకుని, ఆ అగ్రిమెంటునే ఇంకొకరికి లాభానికి అమ్ముకుంటరు.

హైదరాబాద్‌లో లిస్టు ఎక్కడిది? 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం ప్రకారం అప్పు కట్టలేని మనిషికి బ్యాంకు 60 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత ఆస్తిని స్వాధీనం చేసుకుంటే రెండు పేపర్లలో ప్రకటన వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. ఆ నిబంధన జనానికి తెలియాలని పెట్టింది. కొనేవాడికి మాత్రం అది తెల్లారేసరికి ఇంటి ముందు పడే లిస్టు. ఇక వాట్సాప్ గ్రూపుల్లో అర్జెంట్ సేల్ అని రోజుకు ఎన్ని వస్తయ్యో మీ ఫోన్లే చెప్తయ్.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఇందులో ప్రతిదీ నేరం కాదు. పట్నంలో ఒక పెద్దమనిషి ఇల్లు తొందరగా అమ్ముకుని కొడుకు దగ్గరికి పోదామనుకుంటే, వెంటనే కొనేవాడు దొరకడం ఆయనకు మేలే. తేడా ఎక్కడొస్తదంటే, ఒకరి దగ్గర ధర, చట్టం, టైం మూడూ ఉండి, ఇంకొకరి దగ్గర ఆపతి ఒక్కటే ఉన్నప్పుడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. ఆ సామెత మనోళ్లు ఊరికే పుట్టించలేదు.

ఇప్పుడు మన ఊళ్లకు పోదాం. ఉట్నూరు కావచ్చు, ఏటూరునాగారం, దుమ్ముగూడెం, అశ్వారావుపేట, పాడేరు, మారేడుమిల్లి కావచ్చు. అమెరికావాడు చెప్పిన ఐదు పాఠాలూ మన దగ్గర ఏ రూపంలో ఉన్నయో మీరే పోల్చుకోండి.

లిస్టు అంటే దుకాణదారు ఖాతా పుస్తకం. పత్తి విత్తనం, ఎరువు, మందు అన్నీ ఉద్దెర. పంట మళ్లా అదే దుకాణానికి. ఎవరి బాకీ ఎంతకొచ్చింది, ఎవరి ఎడ్లు సచ్చిపోయినయ్, ఎవరి బిడ్డ పెండ్లి దగ్గరపడ్డది, అన్నీ ఆ పుస్తకానికి తెలుసు. వీధులు తిరిగి గడ్డి చూసేవాడి బదులు మన దగ్గర మధ్యవర్తి ఉంటడు. చాలాసార్లు వాడు మన ఊరోడే. ఎవరి చేను ఈసారి దున్నలేదు, ఎవరింటికి అంబులెన్సు వచ్చింది, చూసి చెప్పడమే పని. పసుపుపచ్చ ఉత్తరం బదులు పరామర్శ. "అన్నా, నువ్వేం రంది పెట్టుకోకు, ఆస్పత్రి ఖర్చు నేను చూసుకుంట" అని వస్తది ఆ ఉత్తరం. ఆ రోజు భూమి మాటే ఎత్తరు. ఆ మాట పంట పోయిన తర్వాత వస్తది. అప్పుడు తెల్లకాయితమో, నోటరీ చేసిన బాండు పేపరో ముందర పెడ్తరు. అమ్మకం అని రాయరు. కౌలు అని, పదేండ్ల లీజు అని, జనరల్ పవర్ అని, ఇప్పుడు కొత్తగా రిసార్టుకో ఫామ్ ప్లాటుకో డెవలప్‌మెంట్ అని రాస్తరు. చివరికి అగ్రిమెంటు చేతులు మారే పాఠం కూడా ఉంది. ఆ కాయితం ఇద్దరు ముగ్గురి చేతులు దాటిన తర్వాత, మన బాపుకు తన చేను ఎవరి దగ్గర ఉందో కూడా తెల్వదు.

ఉమ్మడి రాష్ట్రంలో షెడ్యూల్డ్ ప్రాంతాల భూమిలో సగానికి దగ్గర, 48 శాతం, గిరిజనేతరుల చేతుల్లో ఉందని కోనేరు రంగారావు భూ కమిటీ 2006లో లెక్క చెప్పింది. చట్టం ఉండగానే ఇంత పోయింది. కాబట్టి చట్టం ఏం చెప్తదో, ఎక్కడ మనకు చేరకుండా ఆగిపోయిందో రెండూ తెలుసుకోవాలి.

మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ భూముల బదిలీ మీద ఆంక్ష పెట్టింది. ఇటు నిజాం రాజ్యంలో 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాతనే సర్కారు మన వైపు చూసింది, హైమెండార్ఫ్‌ను పంపింది. తర్వాత 1959 నాటి ఒకటో రెగ్యులేషన్ వచ్చింది, 1963లో తెలంగాణ ఏజెన్సీకి వర్తించింది. దాన్ని బిగించిందే 1970 నాటి సవరణ, మనం 1/70 అని పిలుచుకునేది. 1988లో సుప్రీంకోర్టు కూడా అది చెల్లుతుందని చెప్పింది.

1/70 అంటే ఆదివాసీ భూమి గిరిజనేతరులు కొనకూడదు అన్నంత వరకు అందరికీ తెలుసు. పోటీ పరీక్షలో ఆ ఒక్క బిట్టు సరిపోతది. ఊళ్లో పనికొచ్చే మాటలు మాత్రం దాని లోపల ఉన్నాయి.

మొదటిది. ఆ చట్టంలో "బదిలీ" అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి, వాటికోసం రాసుకున్న ఒప్పందం, అన్నీ బదిలీయే. అంటే గిరిజనేతరుడికి రాసిచ్చిన పదేండ్ల లీజు కాయితం కూడా చెల్లదు. లీజు అనేది చిన్న మాట అనుకోకండి. అనంతగిరి మండలం నిమ్మలపాడు గనుల లీజుల మీద పోరాడితేనే 1997లో సమతా తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు సైతం తన భూమిని ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది.

రెండోది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఆదివాసీ నుంచి వచ్చిందేనని చట్టం ముందే అనుకుంటది. కాదని రుజువు చేసుకోవాల్సింది వాళ్లు. మన తాత దగ్గర కాయితం లేదని మనం తల దించుకోనక్కర్లేదు.

మూడోది. ఆదివాసీ పేరు ముందు పెట్టి వెనక గిరిజనేతరుడు అనుభవిస్తే, ఆ బినామీ కూడా బదిలీ కిందికే వస్తది.

నాలుగోది, నేను ఇయ్యాల ముఖ్యంగా చెప్పాలనుకున్నది. సెక్షన్ 3లో ఒక చిన్న భాగం ఉంది. ఆదివాసీ తన భూమి అమ్ముకోవాలనుకుని, కొనే ఆదివాసీ దొరక్కపోయినా, తను అడిగిన షరతులకు ఎవరూ ఒప్పుకోకపోయినా, ఏజెంటుకు గానీ నియమించిన అధికారికి గానీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. సర్కారు పరిహారం ఇచ్చి ఆ భూమి తీసుకుని, మళ్లీ ఆదివాసీలకో, ఆదివాసీలే ఉన్న సొసైటీకో ఇవ్వవచ్చు. అట్లనే భూమిని స్వాధీనం చేయకుండా బ్యాంకు దగ్గర, సహకార సంఘం దగ్గర తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకునే దారి కూడా అందులో ఉంది. అప్పు తీరక ఆ భూమి అమ్మాల్సి వచ్చినా, కొనేది ఆదివాసీయే కావాలి.

అంటే ఈ చట్టం రాసినవాళ్లకు ఆపతి అనేది ఒకటి ఉంటదని తెలుసు. రాజ్యాంగం ఐదో షెడ్యూల్ ఐదో పేరా చూడండి. గవర్నర్ రెగ్యులేషన్లు చేయగల విషయాల్లో భూమి బదిలీ ఉంది, భూమి పంపిణీ ఉంది, వాటి పక్కనే వడ్డీ వ్యాపారం ఉంది. 1996 నాటి పెసా చట్టంలో కూడా పోయిన భూమిని వెనక్కి ఇప్పించే అధికారం, అప్పుల వ్యాపారం మీద అదుపు, ఒకే వరుసలో ఉన్నాయి. భూమి, అప్పు ఒకే తల్లి బిడ్డలని వాళ్లకు అర్థమైంది. అప్పును వదిలేసి భూమిని కాపాడలేం.

ఇక్కడ మనలో కొందరు తమ్ముళ్లు ఒక ప్రశ్న అడుగుతరు. "అన్నా, 1/70 వల్లనే మన భూమికి రేటు లేదు. పక్క మండలంలో ఎకరం అంత పలుకుతుంటే మన చేను ఎవడూ కొనడు. అమ్ముకునే హక్కు లేకపోతే అది నా భూమి ఎట్లయితది?" ఇది కోపంగా కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. తండ్రి ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు ఆ ప్రశ్న నిజమే.

దీనికి అమెరికాలో జరిగిన ఒక సంగతి జవాబు చెప్తది. అక్కడి ఆదివాసీల భూమి తెగకు ఉమ్మడిగా ఉండేది. 1887లో డాస్ చట్టం తెచ్చి, మనిషికింత అని ముక్కలు చేసి పంచారు, మిగులు అని తేల్చిన భూమిని బయటివాళ్లకు ఇచ్చేశారు. పంచిన ముక్కలు అమ్ముకునే వీలు వచ్చేసరికి పన్ను బాకీలు, అప్పులు, మోసాలు వరుసకట్టినయ్. చట్టం వచ్చిన్నాడు వాళ్ల చేతిలో దాదాపు 13.8 కోట్ల ఎకరాలు ఉంటే, 1934 నాటికి మిగిలింది 4.8 కోట్ల ఎకరాలు. అమ్ముకునే హక్కు మంచి రేటు తెచ్చిపెట్టలేదు. ఎందుకంటే ఆపతిలో అమ్మేవాడికి రేటు చెప్పే హక్కు ఎప్పుడూ ఉండదు. పక్క మండలం రేటు తీరిగ్గా అమ్మేవాడి రేటు, మన బాపుకు వచ్చేది అది కాదు. తలుపు తీస్తే మంచి రేటు వస్తదనే మాట కూడా ఆ వ్యాపారం చేసే ప్రచారంలో భాగమే.

పోడు పట్టాలు వచ్చిన ఇండ్లవాళ్లు ఇంకొకటి గుర్తు పెట్టుకోవాలి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పంపిణీ మొదలై మనోళ్లకు పట్టాలు అందినయ్. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన ఆ హక్కు వారసులకు వస్తది, ఇంకెవరికీ అమ్మడానికి, బదిలీ చేయడానికి లేదు. "పట్టా నా దగ్గర పెట్టు, పైసలు తీసుకో" అనేవాడు చెల్లని కాయితం మీద బతుకుతున్నట్టే. కానీ చేను మాత్రం నిజంగానే వాడి కిందికి పోతది. అసలు చిక్కు అక్కడుంది. కాయితం చెల్లదని కోర్టు చెప్పేసరికి ఎన్నో పంటలు వాడు కోసుకుంటడు.

ఇప్పుడు మీ గురించి. అవును, మీ గురించే.

ఈ వ్యాపారంలో కొత్తగా వెతుకుతున్నది చదువుకున్న ఆదివాసీ పిల్లలను. ఎస్టీ సర్టిఫికెట్ ఉండాలె, సంతకం బాగా పెట్టాలె, పట్నంలో రూం కిరాయికి ఇబ్బంది పడుతుండాలె. "తమ్ముడూ, నీ పేరు మీద రిజిస్ట్రేషన్ పెట్టుకుంటం, నీకేం ఖర్చు లేదు, పైకి ఇంత ఇస్తం" అంటరు. కోచింగ్ ఫీజు కడ్తమంటరు. ఆడపిల్లలకైతే పెండ్లి మాట వెనక కూడా భూమి లెక్క ఉంటున్న సంగతి మన ఏజెన్సీకి కొత్త కాదు. లిస్టులో మన బాపు పేరు ఒక్కటే లేదు. మన పేరు కూడా ఉంది, ఎందుకంటే మనకూ ఆపతి ఉంది.

2016లో సవరించిన బినామీ చట్టం కింద ఏడాది నుంచి ఏడేండ్ల వరకు కఠిన జైలు శిక్ష, ఆస్తి విలువలో 25 శాతం దాకా జరిమానా ఉన్నాయి. అది పైసలు పెట్టినవాడికే కాదు, పేరు ఇచ్చినవాడికి కూడా. పేరు ఊరికే ఇచ్చిన అంటే కుదరదు. ఇంకో పని కూడా అడుగుతరు. ఊళ్లో ఎవరు కష్టంలో ఉన్నరో చెప్పు, కమీషన్ ఇస్తం అంటరు. చట్టం సంగతి పక్కన పెట్టండి. మన చిన్నాయన ఇంట్ల రోగాన్ని మన నోటితో అమ్ముకుంటమా?

మరి ఏం చేయాలె? నేను పెద్ద మాటలు చెప్పను. వాళ్ల పద్ధతినే మనం తిరగేద్దాం.

లిస్టు మనమే రాద్దాం. దసరాకో, దండారికో, సంక్రాంతికో ఇంటికి పోయినప్పుడు మీ ఊళ్లో పదిమంది కూర్చోండి. ఎవరింట్ల పెద్ద రోగం ఉంది, ఎవరికి దుకాణం బాకీ పెరిగింది, ఏ ఒంటరి ఆడమనిషి చేను వేరేవాళ్లు దున్నుతున్నరు, ఎవరు చనిపోయినంక వారసుల పేర్లు రికార్డుకు ఎక్కలేదు, రాయండి. ఆ లిస్టు ఫోన్లో తిప్పకండి, ఫొటో తీయకండి. అది బయటికి పోతే మనమే వాళ్ల పని చేసిపెట్టినట్టయితది. గ్రామసభ పెద్దల దగ్గర ఉండాలె.

వారసుల పేర్లు ముందు ఎక్కించండి. చనిపోయినవాళ్ల పేరు మీద ఉండిపోయిన భూమి ఈ వ్యాపారానికి అన్నిటికన్నా తీపి. నలుగురు వారసుల్లో ఆపతిలో ఉన్న ఒక్కడిని పట్టుకుంటే చాలు, వాళ్ల పని మొదలైతది.

ఆస్పత్రి ఆపతి వచ్చినప్పుడు మొదటి ఫోన్ మీకు రావాలె. ఆరోగ్యశ్రీ కింద ఏం వస్తది, ఏ ఆస్పత్రిలో వస్తది, ముఖ్యమంత్రి సహాయ నిధికి ఏం కాయితాలు కావాలె, పట్నంలో ఉన్న మీకు ఇవి కనుక్కోవడం తేలిక. గాంధీ ఆస్పత్రి మీ రూం నుంచి ఎంత దూరం? భూమి కాపాడే పనిలో సగం, ఆ రాత్రి ఆస్పత్రిలో పక్కన నిలబడడమే.

ఎవరైనా కాయితం ముందు పెడితే వెంటనే సంతకం వద్దు, ఫొటో తీసి పంపమని ఇంట్ల చెప్పండి. జనరల్ పవర్ రాసినంత మాత్రాన భూమి అమ్ముడుపోయినట్టు కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఒక్క రోజు ఆగితే పోయే బేరం అయితే, అది పోవడమే మంచిది.

ఇప్పటికే పోయిన భూమి ఉంటే, గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో ఎల్టీఆర్ కేసు వేయవచ్చు. దరఖాస్తు లేకున్నా అధికారి తనంతట తనే విచారించి, భూమి ఖాళీ చేయించి, అసలు మనిషికో వారసులకో ఇప్పించే అధికారం చట్టంలో ఉంది. గ్రామసభలో తీర్మానం చేసి పంపండి, రసీదు తీసుకోండి. అమ్ముకోక తప్పని ఇల్లు ఉంటే, ఇందాక చెప్పిన సెక్షన్ 3 కింద దరఖాస్తు రాసివ్వండి. అధికారి కుర్చీలో రేపు మీరే కూర్చోవచ్చు. అప్పుడు ఆ దరఖాస్తు మీ టేబుల్ మీదికి వస్తే ఏం చేస్తరో కూడా ఇప్పుడే అనుకోండి.

మీరు ఇక్కడ రోజంతా ఆర్టికల్ 244 చదువుతున్నరు, ఐదో షెడ్యూల్ చదువుతున్నరు. నాలుగు ఆప్షన్లలో ఒకటి దిద్దడానికి చదువుతున్నరు. తప్పు లేదు, ఉద్యోగం కావాలె. కానీ ఆ పేరా మన తాతల నెత్తురుతో రాసింది. అది అశోక్‌నగర్ నోట్సులో ఉండిపోయి గూడేనికి చేరకపోతే, దుకాణం ఖాతా పుస్తకమే అక్కడ రాజ్యాంగం అయితది.

ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు బువ్వ తిన్నవా అని అమ్మ అడుగుతది. జవాబు చెప్పినంక మీరు కూడా ఒక మాట అడగండి. మన వాడలో ఎవరికి ఆపతి ఉంది, వాళ్లింటికి ఈ మధ్య ఎవరు వచ్చిపోతున్నరు?

జల్, జంగల్, జమీన్ మనవి. జై ఆదివాసీ!